తిత్తి పాట నడిచే దారి

బ్యాగ్‌పైప్ అంటే తోలుతిత్తిలో పట్టిన గాలితో పలికే సన్నాయి. వాయించేవాడు ఒక గొట్టంలోంచి తిత్తిలోకి ఊదుతాడు, చంకలో ఇరికించుకున్న ఆ తిత్తిని మోచేత్తో నొక్కుతాడు. గాలి అక్కణ్నుంచి నాలుగు గొట్టాల్లోకి పోతుంది. మూడు గొట్టాలు భుజం మీదుగా పైకి నిలబడి ఒకే స్వరాన్ని విడవకుండా పట్టుకుంటాయి. వీటిని డ్రోన్లు అంటారు. నాలుగోది చాంటర్, వేళ్ల కింద ఉండేది. పాటంతా దానిదే. దానికి ఉన్నవి మొత్తం తొమ్మిది స్వరాలు. ఈ తొమ్మిది స్వరాలకు డోళ్లు జతచేసి స్కాట్లండ్ పటాలాలు కట్టుకున్న కవాతు బాణీలు, పందొమ్మిదో శతాబ్దంలో ఆ సైనికులు వెళ్లిన ప్రతి దేశానికీ వెళ్లాయి. భారతదేశం నుంచి మాత్రం అవి తిరిగి వెళ్లలేదు. ఇక్కడి సైన్యంలో, పోలీసు దళాల్లో, బడిపిల్లల జట్లలో ఈనాటికీ మోగుతున్నాయి.

హైదరాబాదులో ఈ పాటను వెతుక్కుంటూ వెళ్లే మనిషికి సరైన రోజు జనవరి 26, సరైన చోటు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్. తెలంగాణ ఏర్పడ్డాక గణతంత్ర దినోత్సవానికి, రాష్ట్ర అవతరణ ఉత్సవానికి పలుమార్లు వేదికైన మైదానం అది. నారాయణగూడ నుంచి అక్కడికి మెట్రో ఉంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ లైను చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ముషీరాబాద్, గాంధీ ఆస్పత్రి, సికింద్రాబాద్ వెస్ట్ దాటి సరిగ్గా పరేడ్ గ్రౌండ్ పేరున్న స్టేషన్‌లోనే ఆగిపోతుంది. అయితే కవాతు పాట పుట్టింది కాళ్ల కోసం. దాని దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద.

తెల్లవారి ఆరింటికి నారాయణగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద ఇంకా చలి విడవలేదు. ఇరానీ హోటల్లో మాత్రం చాయ్ అప్పటికే చిక్కబడింది. బల్ల దగ్గర చోటు లేకపోతే కూర్చున్నవాళ్లే జరిగి, ‘ఆవో భాయ్, బైఠో’ అంటారు. పరిచయం అక్కర్లేదు. ఒకరి ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ఇంకొకరి ముందుకు జరుగుతుంది, లెక్క తర్వాత చూసుకుంటారు. బయట ఇస్త్రీ యూనిఫారాల్లో పిల్లలు, జేబులకు కాగితం జెండాలు, తలకు నూనె. ఒకడి మెడలో బడి బ్యాండు తాలూకు చిన్న డ్రమ్ము వేలాడుతోంది. వాడు నడుస్తూనే పుల్లలతో గాలిలో వాయించుకుంటున్నాడు.

ఈ రోడ్డుకు ఊరేగింపులు కొత్త కాదు. వినాయక నిమజ్జనం నాడు సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చే విగ్రహాలు ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ మీదుగానే హిమాయత్‌నగర్ చేరి ట్యాంక్‌బండ్‌కు మళ్లుతాయి. హనుమాన్ జయంతి శోభాయాత్ర గౌలిగూడ రామాలయం నుంచి బయలుదేరి నారాయణగూడ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అశోక్‌నగర్ మీదుగా తాడ్‌బంద్ వెళుతుంది. ఆషాఢంలో బోనాలు, మాఘంలో పెళ్లి బారాత్‌లు. నగరంలో ఏ గుంపు నడిచినా ముందు ఒక వాద్యం నడవాలి. వాద్యం లేని గుంపును జనం ఊరేగింపు అని ఒప్పుకోరు.

ఆ వాద్యాల్లో హైదరాబాదుకు ప్రత్యేకమైనది మర్ఫా. నిజాముల కొలువులో సైనికులుగా చేరిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు తెచ్చిన వాద్యం అది. సిద్దీల అశ్వదళం పేరే మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేటకు మిగిలింది. అరబ్బు సైనికుల పేట బార్కస్‌కు ఆ పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది. ఆ పటాలాలు పోయాయి, డప్పులు మిగిలాయి. ఈనాడు మర్ఫా లేకుండా హైదరాబాదీ పెళ్లి లేదు, అందులో మతభేదం లేదు. మర్ఫా దెబ్బల్లోంచే ‘తీన్‌మార్’ అనే మాట తెలుగువాళ్ల నోటికెక్కి, బోనాల నుంచి సినిమా పాటల దాకా పాకింది.

స్కాట్లండ్ కవాతు పాట కథ కూడా ఇలాంటిదే. అందుకే నారాయణగూడలో నిలబడి దాని గురించి ఆలోచించడం వింతేమీ కాదు. కత్తి పట్టినవాడి వెంట వచ్చిన వాద్యం, కత్తి ఒరలోకి పోయాక పెళ్లికీ పండగకీ చావుకూ పనికొస్తుంది. జనానికి కావలసింది నడకలో కలిసే ఆ దెబ్బ ఒక్కటే. అది ఎవరి సైన్యానిదని వాళ్లు అడగరు.

స్కాట్లండ్ మనుషులు కూడా ఈ నేలకు కొత్తవాళ్లు కారు. నారాయణగూడ తర్వాతి మెట్రో స్టేషన్ సుల్తాన్‌బజార్. దాని పక్కనే కోఠి మహిళా కళాశాలగా పేరుపడ్డ పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. దాన్ని కట్టించిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్‌ది స్కాట్లండ్ మూలాలున్న కుటుంబం. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా రైతుల మధ్య తిరిగి, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఊళ్ల చరిత్రలైన కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌లో కూడా ఓ చివరనున్న లూయిస్ దీవి మనిషి. ఆయన నిజాం రాజ్యాన్ని సర్వే చేశాడు, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులతో ఊరూరి చరిత్రనూ సేకరింపజేశాడు. వీళ్లతోపాటే పటాలాలూ వచ్చాయి. 1803 సెప్టెంబరు 23న అస్సాయే యుద్ధంలో 74, 78వ హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమ) పటాలాలు పోరాడాయి. ఆ ఊరు తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఉండేది, ఇప్పుడు మహారాష్ట్రలోని జాల్నా జిల్లాలో ఉంది. మరో మూడేళ్లకు, 1806లో, నిజాం సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది.

నారాయణగూడ దాటి మెట్రో స్తంభాల నీడన నడిస్తే చిక్కడపల్లి వస్తుంది. పొద్దున పూట అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి గంటలు, కూరగాయల బండ్లు, వడపప్పు వాసన. శ్రీ త్యాగరాయ గానసభ తలుపులు ఆ వేళకు తెరవరు. సాయంత్రమైతే అక్కడ కచేరీ, హరికథ, నాటకం, సన్మానం, ఏదో ఒకటి ఉంటుంది. మూసి ఉన్న ఆ సభ ముందు కాసేపు ఆగాలి. పైప్ బ్యాండ్ పాట తెలుగు చెవికి ఎందుకు దగ్గరగా ఉంటుందో తెలియాలంటే తాళం చెవి ఇక్కడే ఉంది.

చాంటర్ తొమ్మిది స్వరాలనూ కింది నుంచి పైకి పాడి చూస్తే మొదట మంద్ర నిషాదం, తర్వాత షడ్జమం నుంచి తారషడ్జమం దాకా ఎనిమిది స్వరాలు వస్తాయి. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలు దీన్ని వినగానే హరికాంభోజి అంటారు. పైగా ఈ స్వరాలు పియానో మెట్ల కొలతకు కట్టుబడి ఉండవు. డ్రోన్లు పట్టిన షడ్జమానికి ఒదిగేలా సరిచేసుకున్నవి. తంబూరా ముందు కూర్చుని స్వరస్థానం వెతుక్కునే గాయకుడు చేసే పని అదే. చాలా బాణీలు మధ్యమ నిషాదాలను వదిలేసి అయిదు స్వరాల్లోనే తిరుగుతాయి, అప్పుడు మోహనం పలికినట్టుంటుంది. 1972లో రాయల్ స్కాట్స్ డ్రాగూన్ గార్డ్స్ పైప్ బ్యాండ్ వాయించిన ‘అమేజింగ్ గ్రేస్’ రికార్డు బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది. అది కవాతు పాట కాదు గాని, అందులో ఒక విశేషం ఉంది. డ్రోన్ల షడ్జమాన్ని వదిలి చాంటర్ మధ్యమాన్ని ఆధారంగా తీసుకుని పాట సాగుతుంది. మన గాయకులు మధ్యమశ్రుతి అనేది దాన్నే.

రెండో పోలిక గమకంలో ఉంది. బ్యాగ్‌పైప్‌లో గాలి ఆగదు కాబట్టి స్వరం ఆగదు. సన్నాయి వాయించేవాడు నాలుకతో ‘తుత్తు’ అని కొట్టి ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికిస్తాడు. పైపర్‌కు ఆ వీలు లేదు, నాలుకకూ చాంటర్‌కూ మధ్య తిత్తి అడ్డం. గట్టిగా మెత్తగా వాయించే వీలు కూడా లేదు. అందుకని ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య రెప్పపాటులో మరో వేలు లేపి దించుతాడు. ఈ చిటికెడు స్వరాలను గ్రేస్ నోట్లు అంటారు. అవి రెండు, మూడు, నాలుగు కలిసి గుత్తులుగా కూడా పడతాయి. స్వరానికి బరువిచ్చేవి అవే. మెరుపులా వచ్చి పోయే వీటిని చేతకానివాడు అరిగించేస్తే పాట గొర్రె అరుపులా వినబడుతుంది. బ్యాగ్‌పైప్ మీద ఉన్న చెడ్డపేరంతా అలాంటి చేతుల వల్ల వచ్చిందే.

స్కాట్లండ్ గురువులు ఈ విద్యను కాగితం మీద నేర్పలేదు. స్వరానికో అక్షరం, గ్రేస్ నోట్ల గుత్తికో అక్షరం చొప్పున నోటితో పాడి నేర్పారు. గేలిక్ భాషలో ఆ పద్ధతిని కాంటరెఖ్ అంటారు. స్కై దీవిలో మెక్రిమన్ అనే వంశం తరతరాలుగా ఈ గురుత్వం చేసింది. మృదంగం గురువు ఇంటి అరుగు మీద తొడ కొట్టుకుంటూ జతులు చెప్పించే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది పరాయి చదువు అనిపించదు.

ఇక గానసభలోనే తరచు వినిపించే ఒక సంగతి. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో కంపెనీ సైన్యం బ్యాండు విన్నాడు. ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. ఇంగ్లీషు ‘నోట్’ మాట మీదుగా వాటికి నొట్టుస్వరాలని పేరు వచ్చింది. అన్నీ శంకరాభరణంలోనే ఉంటాయి, గమకాలుండవు, సంగీతం మొదలుపెట్టిన పిల్లలు హాయిగా పాడేస్తారు. బ్రిటిష్ రాజగీతం ‘సంతతం పాహిమాం’ అయింది. ‘లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్’ అనే స్కాట్లండ్ నాట్యబాణీ ‘వరశివబాలం’ అయింది. వీటిలో చాలావాటిని సుబ్బరామ దీక్షితులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగులో అచ్చువేశాడు. అంటే స్కాట్లండ్ కొండల పాట ఒకటి వందేళ్ల కిందటే తెలుగు అచ్చులోకి వచ్చేసింది. చిక్కడపల్లిలో పాట నేర్చుకునే ఏ పాపైనా తెలియకుండానే దాన్ని పాడి ఉండవచ్చు.

ఇంతకన్నా లోతైన చుట్టరికం ఇంకొకటి ఉంది. తిత్తి అన్న మాటే చూడండి. కమ్మరి కొలిమికి ఊదేది తిత్తి. మనిషి రొమ్ములో ఉన్నవి ఊపిరితిత్తులు. తెలుగు పల్లెల్లో ఒక వాద్యం పేరు కూడా తిత్తే. మేకతోలును నిలువునా చీల్చకుండా ఒలిచి, పదును చేసి, రంధ్రాలు బిగగట్టి, ఊదే గొట్టం ఒకటి, పలికే గొట్టం ఒకటి అమరిస్తే అది శ్రుతి పడుతుంది. వీధి భాగవతాల్లో, యక్షగానాల్లో పాత్రధారుల వెనక నిలబడి ఒకడు రాత్రంతా దాన్ని ఊదేవాడు. సన్నాయి మేళంలో ‘ఒత్తు’ పట్టే మనిషి బుగ్గలు పూరించి ఊపిరి తెగకుండా చేసే పనిని, వీధి భాగవతంలో తిత్తి చేసేది. హార్మోనియం వచ్చింది, శ్రుతిపెట్టె వచ్చింది, ఆ తర్వాత మీట నొక్కితే మోగే ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చింది. తిత్తి పక్కకు తప్పుకుంది. పైప్ బ్యాండ్ డ్రోన్లు వినగానే పెద్దవాళ్లకు వీధి భాగవతం గుర్తొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. తోలుతిత్తిలోంచి వచ్చే ఆ నిండు ఊపిరి ఒక్కటే.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ ఎంతో దూరం లేదు. దారిలో నగర కేంద్ర గ్రంథాలయం. సెలవు రోజైనా దాని పరిసరాల్లో చెట్ల కింద, గోడల వార, ప్లాస్టిక్ కుర్చీల్లో చదువుకునే పిల్లలు కనిపిస్తారు. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, సివిల్స్. అశోక్‌నగర్ చౌరస్తా చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు అన్నీ ఆ పిల్లల మీద ఆధారపడ్డవే. ఆదిలాబాద్ నుంచీ నల్లగొండ నుంచీ వచ్చి ఆరేసి నెలలు, రెండేసి ఏళ్లు ఇక్కడ గడిపేవాళ్లున్నారు. టిఫిన్ బండి దగ్గర మైసూర్ బజ్జీలు నూనెలోంచి తీస్తున్న మనిషి పల్లీ చట్నీ రెండోసారి అడగకుండానే పోశాడు. ‘పరేడ్ సూడనీకి పోతున్నరా సార్? జల్ది పోండ్రి, ఎండ ఎక్కుతది’ అన్నాడు. పక్కనే ఇడ్లీ తింటున్న కుర్రాడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. 1600 మీటర్ల పరుగు కోసం రోజూ చీకటితో లేచి వెళ్తాడట. పోలీసు పైప్ బ్యాండ్ గురించి అడిగితే, దేశమంతటి పోలీసు దళాలకూ బ్యాండ్ పోటీలు జరుగుతాయనీ, అందులో ఇత్తడి వాద్యాలకు వేరు, పైపులకు వేరు విభాగాలుంటాయనీ అతనికి తెలుసు. బడిపిల్లలకు జరిగే జాతీయ పోటీలో ఆడపిల్లల పైప్ బ్యాండ్‌కు విడిగా ఒక విభాగం ఉంది.

నౌకరీ కోసం ఊరు వదిలి వచ్చిన ఈ కుర్రాళ్ల పేటలో స్కాట్లండ్ పైపర్ల కథ చెప్పుకోవడం తగిన పనే. వాళ్లూ పేదకొండల నుంచి జీతం కోసం పటాలంలో చేరినవాళ్లు. 1746లో కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్ తెగలు ఓడిపోయాక, ఆ కొండవాళ్ల దుస్తులను ప్రభుత్వం నిషేధించింది. జేమ్స్ రీడ్ అనే పైపర్‌ను యార్క్‌లో ఉరితీశారు. అతని చేతిలో కత్తి లేదు, బ్యాగ్‌పైప్ ఉంది. అదీ యుద్ధసాధనమే అని న్యాయస్థానం లెక్కకట్టింది. దుస్తుల నిషేధం 1782 దాకా నడిచింది. సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం ఆ నిషేధం లేదు. ఏ రాజు ఆ కొండల బతుకును అణిచాడో ఆ రాజు పటాలంలోనే ఆ పాట దాక్కుని బతికింది. 1854లో ఒక్కో హైలాండ్ పటాలానికి ఒక పైప్ మేజర్, అయిదుగురు పైపర్లు ఉండవచ్చని అధికారికంగా ఒప్పుకున్నారు. డోళ్లవాళ్లు, పైపర్లు కలిసి ఒకే జట్టుగా నడవడం ఆ కాలంలోనే కుదురుకుంది.

వాళ్ల బాణీల్లో దేశదేశాల మట్టి అంటుకుని ఉంది. క్రిమియా యుద్ధంలో 93వ పటాలం పైప్ మేజర్ జాన్ మెక్లియాడ్, సార్డీనియా సైనికుల బ్యాండు వాయిస్తున్న ఒక బాణీ విని పైపుల మీదికి ఎత్తుకున్నాడు. అది 1829 నాటి రొస్సీని ఓపెరా ‘విలియం టెల్’లోది. ‘గ్రీన్ హిల్స్ ఆఫ్ టిరోల్’ పేరుతో ఈనాడు దాన్ని స్కాట్లండ్ సొత్తుగానే అందరూ వింటారు. ఏడెన్ రేవులో బీడు కొండల మధ్య విసిగిపోయిన 78వ పటాలంలో ‘బ్యారెన్ రాక్స్ ఆఫ్ ఏడెన్’ పుట్టింది. 1897 అక్టోబరు 20న వాయవ్య సరిహద్దులో దర్గాయ్ కొండ ఎక్కుతుండగా జార్జ్ ఫిండ్లేటర్ అనే గోర్డన్ హైలాండర్స్ పైపర్ కాళ్లకు గుళ్లు తగిలాయి. బండకు ఆనుకుని కూర్చుని వాయిస్తూనే ఉన్నాడు, విక్టోరియా క్రాస్ పొందాడు. పత్రికలు అతను ‘కాక్ ఓ ది నార్త్’ వాయించాడని రాశాయి, అతనేమో వాయించింది ‘హాస్ ఆఫ్ క్రోమ్‌డేల్’ అన్నాడు. ఆ కొండ మీద ఎదురుగా ఉన్నవాళ్లు తమ ఊళ్లను కాపాడుకుంటున్న అఫ్రీదీలు. పాట ఎంత గొప్పదైనా అది ఎవరి మీదికి నడిచిందో మరిచిపోకూడదు. ఆ గుర్తు ఉంచుకుని కూడా పాటను ప్రేమించవచ్చు. మర్ఫాను ప్రేమించినట్టే.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్లు ఇంకా నిద్ర లేవలేదు. ముషీరాబాద్‌లో ప్రతి గల్లీ మొదట్లో ఒక జెండా గద్దె, ముగ్గు, బూందీ పొట్లాలు. ఒక గద్దె దగ్గర జెండా ఎగిరే సమయానికి అటు వచ్చిన ఆటో ఆగింది, డ్రైవరు దిగి చెప్పులు విడిచి నిలబడ్డాడు. జనగణమన అయ్యాక మళ్లీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

పరేడ్ గ్రౌండ్స్‌లో ఎండ పలచగా పరుచుకుంది. పైప్ బ్యాండ్‌ను చూడ్డానికి ముందు వినాలి, అదీ దూరం నుంచి. గదిలో, రికార్డులో వింటే ఈ వాద్యం సగమే. నాలుగు వైపులా ఖాళీ ఉండి, గాలి అటూ ఇటూ కదులుతుంటే డ్రోన్ల నాదం అలలుగా వస్తుంది, పోతుంది. పైపర్ గట్టిగా మెత్తగా వాయించలేడని అనుకున్నాం కదా, ఆ పని మైదానం గాలి చేసిపెడుతుంది.

బ్యాండ్ కదలడం చూడదగ్గది. వరుసల్లో నిలబడ్డ పైపర్ల చంకల్లో తిత్తులు ముందే నిండి ఉంటాయి. భారత సైన్యంలో వీళ్లు లంగా లాంటి స్కాట్లండ్ కిల్టులు వేసుకోరు. ప్యాంట్లు, తలపాగాలు లేదా టోపీలు, భుజం మీద గళ్ల గుడ్డ. తిత్తికి తొడిగిన గళ్ల గలేబు మాత్రం అచ్చంగా ఆ దేశపు గుర్తే. డ్రమ్ మేజర్ ఆజ్ఞ వినబడగానే సైడ్ డ్రమ్ములు మూడడుగుల పాటు గలగలమని రోల్ వేసి ఒక దెబ్బతో ఆగుతాయి. పైపర్ల మోచేతులు ఒక్కసారి నొక్కుకుంటాయి, డ్రోన్లు షడ్జమం పట్టుకుంటాయి. రెండో రోల్ మోగుతుంది. అప్పుడు చాంటర్లన్నీ ఒకే ఒక్క స్వరం ఎత్తుకుంటాయి. అది పంచమం. పాట ఇంకా మొదలు కాలేదు, ముందు షడ్జమ పంచమాలు నిలబడ్డాయి. ఏ కచేరీలోనైనా తంబూరా తీగలు మొదట పలికేవి ఆ రెండే. ఎడమ కాలు నేల తాకగానే పాట మొదలవుతుంది.

సైడ్ డ్రమ్ చప్పుడు అంత ఎండుగా, చురుగ్గా ఉండటానికి కారణం ఉంది. పైప్ బ్యాండ్ డ్రమ్ముల్లో పై చర్మం కిందా, అడుగు చర్మం కిందా రెండు చోట్లా తీగల వరుసలు ఉంటాయి, చర్మాలను బిగించగలిగినంత బిగిస్తారు. డప్పు కొట్టే మనిషి చెత్త పోగుచేసి మంట పెట్టి, డప్పును కాచి, వేలితో మీటి చూసి, చాలకపోతే మళ్లీ కాచేది ఈ బిగువు కోసమే. పెద్ద డోలు అడుగును మోస్తుంది, టెనర్ డోళ్లవాళ్లు పుల్లలను గాలిలో తిప్పుతూ చూపుకు పని కల్పిస్తారు.

సైన్యం మామూలు కవాతులో నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. అయినా అన్ని బాణీల నడకా ఒకటి కాదు. రెండు లెక్కల బాణీలు, నాలుగు లెక్కల బాణీలు చతురశ్రంలో నిటారుగా పోతాయి. ఆరు లెక్కల బాణీలో అడుగుకు మూడు చొప్పున స్వరాలు పడి తిశ్ర నడక వస్తుంది, సైనికుడి మడమకు ఊపు వస్తుంది. వీటన్నిటికన్నా మనసును పట్టేవి మూడు లెక్కల రిట్రీట్ బాణీలు. రిట్రీట్ అంటే ఇక్కడ పారిపోవడం కాదు, పొద్దుగూకే వేళ దళాలను శిబిరానికి పిలవడం. కాళ్లు రెండు, లెక్కలు మూడు. అందువల్ల బలమైన దెబ్బ ఒకసారి ఎడమ పాదం మీద, మరుసటిసారి కుడి పాదం మీద పడుతుంది. నడిచేవాడి బరువు అటూ ఇటూ మారుతూ మెల్లగా ఊగుతుంది. ఉత్సవ విగ్రహాన్ని మోసే బోయీల నడకలో ఇదే ఊపు ఉంటుంది. స్వామి గుడి దాటి బయటికి వచ్చేటప్పుడు నాదస్వరంలో మల్లారి మోగుతుంటే పల్లకీ ఎలా కదులుతుందో చూసినవాళ్లకు రిట్రీట్ బాణీకి వేరే వివరణ అక్కర్లేదు.

ఢిల్లీ విజయ్‌చౌక్‌లో ప్రతి జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్‌కు పేరు ఇచ్చింది ఈ సాయంకాలపు ఆనవాయితీయే. అక్కడా, ఇక్కడా ఇప్పుడు పైపుల మీద భారతీయ బాణీలు ఎక్కువగా వినిపిస్తాయి. ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం రాంసింగ్ ఠాకూరీ బాణీ కట్టిన ‘కదం కదం బఢాయే జా’ వాటిలో ఒకటి. తొమ్మిది స్వరాల్లో ఒదిగే పాటైతే పైపర్‌కు అది ఏ దేశానిదైనా ఒకటే. దుండిగల్ వాయుసేన అకాడమీలో పట్టా పుచ్చుకున్న అధికారులు నెమ్మది కవాతుతో బయటికి నడిచేది రవీంద్రుడి పాట బాణీకి.

ఎడిన్‌బరో కోట ముంగిట 1950లో మొదలైన మిలిటరీ టాటూ అనే సైనిక బ్యాండ్ల ప్రదర్శన చివర, దీపాలన్నీ ఆర్పి, కోటగోడ మీద ఒకే ఒక్క పైపర్‌ను నిలబెడతారు. వేలమంది కూర్చున్న ఆవరణ నిశ్శబ్దమవుతుంది. హైదరాబాదుకు ఆ అవకాశం గోల్కొండలో ఉంది. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే బాలా హిస్సార్ మీద వినబడే కోట అది, 2014 నుంచి పంద్రాగస్టు జెండా ఎగిరే కోట. అక్కడ ఒక సంజవేళ ఒక్క తిత్తి పలికితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కవాతు ముగిశాక పటాలం బ్యారక్స్ దారి పట్టినప్పుడు స్కాట్లండ్‌లో ‘బ్లాక్ బేర్’ వాయిస్తారు. దానిలో ఒకచోట సైనికులంతా కలిసి కేక వేస్తారు, అలసట దిగిపోవడానికి. పరేడ్ గ్రౌండ్స్ నుంచి తిరుగు దారిలో మెట్రో మెట్లెక్కుతున్న పిల్లలు ఏ పాటా లేకుండానే అలాంటి కేకలు వేశారు. పొద్దున నారాయణగూడలో గాలిలో పుల్లలు తిప్పిన కుర్రాడిలాంటి వాళ్లు పెట్టెలో అరడజను మంది ఉన్నారు. ఇనుప కడ్డీల మీద వేళ్లతో రోల్ మొదలైంది, చిక్కడపల్లి దాకా ఆగలేదు.

ఇక చేయవలసిన పని ఒకటి ఉంది. తిత్తి ఊదగల మనుషులు తెలుగు పల్లెల్లో ఎక్కడ మిగిలి ఉన్నా, వాళ్లను వెతికి ఆ పాటను రికార్డు చేయాలి, తోలు ఒలిచే పద్ధతి నుంచి గొట్టం చెక్కే పద్ధతి దాకా రాసిపెట్టాలి. సంగీత సభలు నడిపేవాళ్లు ఒక్క సాయంత్రం కేటాయించి ఒకే వేదిక మీద వీధి భాగవతం తిత్తిని, దీక్షితుల నొట్టుస్వరాన్ని, సైనిక పైప్ బ్యాండ్‌ను కూర్చోబెట్టాలి. ఈ వ్యాసం చదివినవాళ్ల ఊళ్లో తిత్తి ఊదే తాతగారు ఎవరైనా ఉంటే, వచ్చే సంక్రాంతికి వెళ్లినప్పుడే ఫోన్ తీసి ఆయన పాటను నిండుగా పట్టుకోండి.